పస్తుంటే పూసే మొక్క

గోదావరిఖని,
14-6-1971

అక్కకు,

నీ తమ్ముడు మార్కు వందనాలు. పని పడితే తప్ప నీకు ఉత్తరం రాయనని పోయినసారి దెప్పావు. ఈసారీ పని పడే రాస్తున్నాను, కాబట్టి ఆ తిట్లు ముందే తిట్టేసుకో. యేసమ్మ, పిల్లలిద్దరూ బాగున్నారు. నేనూ బాగున్నాను, కుడికాలు తప్ప.

పోయిన ఏడాది గనిలో పైకప్పు బండ పడి రెండుచోట్ల విరిగిన కాలు అతికింది గానీ, మోకాలు వంగడం లేదు. నువ్వు గని చూడలేదు కనుక చెబుతున్నాను. ఫిల్లరు పని అంటే వంగి, చెమ్మాసు పారతో బొగ్గు తట్టలోకి లాగి, ఆ తట్ట ఎత్తి పట్టాల మీది టబ్బులో పోయాలి. టబ్బు నిండితేనే హాజరు. వంగని కాలితో అది నావల్ల కాదు. డాక్టరు ఫిబ్రవరి నెలాఖరు దాకా లైట్ డ్యూటీ రాసిచ్చాడు. మేనేజరు దొర బంగళాలో మొక్కలకు నీళ్ళు పోసే పని ఇచ్చారు. ఫిబ్రవరి దాటితే మళ్ళీ గనిలోకి దిగాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. యేసమ్మ ఆ నెల పేరు ఎత్తనివ్వదు.

ఇప్పుడు అసలు సంగతి. బంగళాలో పాత మాలి లింగమూర్తి ఫిబ్రవరిలోనే రిటైరవుతున్నాడు. దొరసాని షిల్లాంగు మనిషి. వాళ్ళ పుట్టింటి నుంచి ఐదు మొక్కలు రైల్లో తెచ్చుకుంది. ఆర్కిడ్ అంటారట. చెరుకు గడల్లాగా కణుపు కణుపులుగా సన్నని కాడలు, మట్టి అక్కర్లేదు, చెక్కముక్కకు కట్టి వేలాడదీస్తారు. వచ్చి మూడేళ్ళయినా ఒక్క పువ్వూ పూయలేదు. లింగమూర్తికి గులాబీలు తప్ప తెలియవు. పోయిన వారం దొరసాని నన్ను పిలిచి, వచ్చీరాని తెలుగులో, "మార్కూ, ఫిబ్రవరిలో ఇది పూస్తే లింగమూర్తి జాగాలో నువ్వు" అంది. పక్కనే దొర పేపరు చదువుతూ తల ఊపాడు. నేను కళ్ళారా చూశాను.

మీ కొండల్లో ఈ మొక్కలు చెట్టుచెట్టుకూ ఉంటాయని ఒకసారి రాశావు. దీనికి ఎరువు ఎప్పుడెప్పుడు వెయ్యాలో, ఎంత వెయ్యాలో కనుక్కుని రాయి. మన రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ వస్తుందని అందరూ చెప్పుకుంటున్నారు గానీ, ఏ మొక్కకు ఏ వేళకు వెయ్యాలో చెప్పే మనిషి మాత్రం ఒక్కడూ దొరకలేదు. చుట్టూ బొగ్గు ముక్కలు పెట్టాలని లింగమూర్తి అంటున్నాడు. మన గని బొగ్గు పనికొస్తుందా?

నీ తమ్ముడు,
మార్కు


కాలింపాంగ్,
29-6-1971

తమ్మీ,

దీవెనలు. ముందు తిట్లు. పన్నెండేళ్ళుగా ఈ మిషన్ దవాఖానలో ఊరి వాళ్ళందరి జ్వరాలూ చూస్తున్నాను, సొంత తమ్ముడి కాలు విరిగితే మూడు నెలలకు తెలిసింది. అప్పుడు రాయలేదు, ఇప్పుడు మొక్కకు మందు కావాల్సి వచ్చేసరికి అక్క గుర్తొచ్చింది. సరే, అయిపోయింది.

గని బొగ్గు పెట్టకు, మహానుభావా! కట్టెబొగ్గు పెట్టాలి. ఈ మాట చెప్పగానే మా తోటమాలి ధన్‌బహదూర్ పళ్ళు లేని నోటితో అరగంట నవ్వాడు. డెబ్బై ఏళ్ళ వాడు. ఈ మొక్కలను వాళ్ళ భాషలో సునాఖరి అంటారు. నువ్వు చెప్పిన కాడల గుర్తు చెప్పగానే ఇది ఫలానా అని గుర్తుపట్టేశాడు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, డాక్టరు చీటీ అనుకుని పాటించు.

ఇప్పుడు కొత్త కాడలు లేచే కాలం. వారానికి ఒకసారి, బకెట్ నీళ్ళలో చిటికెడు యూరియా. చిటికెడు అంటే నీ చిటికెడు కాదు, యేసమ్మ చిటికెడు. మధ్యలో ఒకరోజు ఉత్త వాననీళ్ళతో కడిగెయ్యి. కాడ కొసన చివరి ఆకు వచ్చి ఆగిపోయిందంటే యూరియా బంద్. అక్కణ్ణుంచి నెలరోజులు బొక్కల పొడి, కొంచెం సూపరు ఫాస్ఫేటు. దసరా దాటాక ఏదీ లేదు. నీళ్ళు కూడా పదిరోజులకోసారి పైపైన చల్లితే చాలు. మళ్ళీ మొగ్గ కనబడేదాకా ఎరువు ముట్టుకోకూడదు.

అర్థమైందా? మొదట పెట్టాలి, తర్వాత మార్చాలి, ఆ తర్వాత మానెయ్యాలి. మానెయ్యడమే కష్టమని ధన్‌బహదూర్ అంటున్నాడు.

కాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకుని రోజూ కొంచెం కొంచెం వంచు. నొప్పి పుడితే ఏడువు గానీ మానకు. యేసమ్మకు నా ముద్దులు.

నీ అక్క,
సుగుణమణి


గోదావరిఖని,
15-8-1971

అక్కకు వందనాలు.

నీ చీటీ గోడకు అంటించాను. ఇవాళ జెండా పండగ, సెలవు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మొక్కలు ఎంత ఎదిగాయో నువ్వు చూడాలి. ఒక్కో మొక్కకు నాలుగైదు కొత్త కాడలు వచ్చాయి, నా బొటనవేలంత లావున్నాయి. ఆకుల మీద బొగ్గుదుమ్ము పడుతోంది. రోజూ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తున్నాను. అది చూసి మా మొగిలి, "ఏం మార్కన్నా, పసిపొల్లకు స్నానం చేపిస్తున్నవా?" అని ఒకటే ఎక్కిరింపు. మొగిలి నీకు తెలియడు. పదకొండేళ్ళు నాతో ఒకే ముఠాలో బొగ్గు నింపాడు. దుమ్ము మింగి మింగి ఊపిరాడని దమ్ము వచ్చింది. ఇప్పుడు వాడూ లైట్ డ్యూటీయే, సాయంత్రం షిఫ్టులో బంగళా దగ్గర వాచ్‌మన్. నేను పగలు దిగితే వాడు ఎక్కుతాడు. గేటు దగ్గర ఇద్దరం ఒక బీడీ పంచుకుంటాం. బీడీ మాట నీకు రాయకూడదు, ఎలాగూ రాసేశాను.

దొరసాని రోజుకు రెండుసార్లు వచ్చి చూసి వెళుతోంది. నిన్న నా పిల్లల పేర్లు అడిగింది. ఆమె నోట పిల్లల పేర్లు వినగానే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

ఇంకా ఎక్కువ పెడితే ఇంకా తొందరగా పూస్తుందా, కనుక్కో.

మార్కు


కాలింపాంగ్,
30-8-1971

తమ్మీ,

ఎక్కువ పెట్టకు. నాకు తెలుసు, ఈ మాట అడుగుతావని. కూర బాగుందంటే కుండంతా తినేసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

చివరి ఆకు వచ్చిందో లేదో రోజూ చూడు, వచ్చిన రోజే యూరియా మానెయ్యి. ఇక్కడ నాకు ఊపిరి సలపడం లేదు. సరిహద్దు దాటి తూర్పు బెంగాల్ జనం వస్తూనే ఉన్నారు. కింద మైదానంలో శిబిరాలకు మా నర్సులను వంతులవారీగా పంపుతున్నారు. కలరా. పదిమందికి సెలైన్లు పెడితే ఇరవైమంది వస్తారు. కాబట్టి చిన్న ఉత్తరమని అలగకు.

బీడీ మానెయ్యి.

సుగుణమణి


గోదావరిఖని,
28-10-1971

అక్కకు వందనాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. సెప్టెంబరు రెండోవారంలో చివరి ఆకు వచ్చింది, ఆ రోజే యూరియా ఆపాను. మటన్ దుకాణం నుంచి బొక్కలు తెచ్చి, యేసమ్మ పొయ్యిలో కాల్చి దంచి ఇచ్చింది. నెలరోజులు అది వేశాను. దసరా అయ్యాక అన్నీ బంద్. యూరియా డబ్బా మాత్రం గులాబీల కోసం లింగమూర్తి గదిలోనే ఉంది.

కానీ అక్కా, ఆకులు పసుపుపచ్చబడుతున్నాయి. కింది ఆకులు రెండు రాలిపోయాయి. కాడల మీద ముడతలు పడుతున్నాయి. కంటి ముందర ఒక ప్రాణి ఎండిపోతుంటే, పక్కనే బకెట్, పక్కనే నల్లా ఉండగా, చేతులు కట్టుకుని నిలబడడం నాకు చేతకావడం లేదు. నిన్న మొగిలి అడిగాడు, "మార్కన్నా, పదిహేను దినాలాయె, మందు పోస్తలేవు, నీళ్ళు పోస్తలేవు. ఏంది కథ?" అని. "మా అక్క పొయ్యొద్దన్నదిరా" అన్నాను. "ఎందుకట?" అన్నాడు. నాకేం తెలుసు? "ఏమో, పొయ్యొద్దన్నది గంతే" అన్నాను. వాడు నా మొహం చూసి, తర్వాత కాలు చూసి, గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

దొరసాని తల్లికి జబ్బు చేసిందని షిల్లాంగు వెళ్ళింది. ఫిబ్రవరి మొదట్లో వస్తుందట. వెళుతూ వెళుతూ, "పూలు చూడాలి మార్కూ" అంది. కొంచెం, చాలా కొంచెం, చిటికెడులో సగం వెయ్యనా?

మార్కు


కాలింపాంగ్,
11-11-1971

తమ్మీ,

వద్దు. చిటికెడులో సగం వద్దు, సగంలో సగం వద్దు. ఆకులు రాలనీ. అన్నీ రాలనీ. ఆపరేషనుకు ముందు పేషెంటు ఏడ్చినా గుక్కెడు నీళ్ళు ఇవ్వం. చుట్టాలు జాలిపడి దొంగచాటుగా పాలు తాగించి చంపుకుంటారు. నువ్వు ఆ చుట్టంలాగా తయారవకు. నీకు చీటీ రాసిచ్చాను, అలాగే చెయ్యి.

కాలు వంచుతున్నావా? ఆ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు.

సుగుణమణి


గోదావరిఖని,
9-12-1971

అక్కకు వందనాలు.

ఈ ఉత్తరం నీకు ఎప్పటికి చేరుతుందో తెలియదు. యుద్ధం మీకు అంత దగ్గరలో జరుగుతోందని రేడియోలో వింటుంటే గుండె దడగా ఉంది. నువ్వు క్షేమమని ఒక్క కార్డు ముక్క రాయి. ప్రతి ఆదివారం గుడిలో నీ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తున్నాం.

మొక్కలకు ఒక్క ఆకు మిగల్లేదు. ఐదు చెక్కలకు ఐదు ఎండుకట్టెల మోపులు కట్టినట్టు ఉన్నాయి. లింగమూర్తి చూసి, "సచ్చిపోయినయ్‌రా మార్కూ, దొరసానికి జాబు రాయించు" అన్నాడు. నీ చీటీ గోడ మీద చూసుకుంటూ రోజు వెళ్ళదీస్తున్నాను. ఆకులు అన్నీ రాలనీ అన్నావు కదా, రాలాయి. ఇది బతికి ఉన్నట్టేనా? బతికి ఉన్నదని ఒక్క మాట రాయి చాలు. నేను ఏమీ పొయ్యలేదు. ఒట్టు.

కాలు కొంచెం వంగుతోంది. కొంచెమే. చలికి బాగా నొస్తోంది. గులాబీలకు నల్లా నుంచి బకెట్ మోసుకొచ్చేటప్పుడు మధ్యలో రెండుసార్లు దించాల్సి వస్తోంది. మొగిలి, ఆగయ్య కనబడితే వాళ్ళే అందుకుంటారు. ఆగయ్య మా ముఠావాడే, ఇంకా గనిలోనే ఉన్నాడు. షిఫ్టు దిగి ఇంటికి పోతూ బంగళా గేటు దగ్గర ఆగి నన్ను పలకరించి పోతాడు.

మార్కు


గోదావరిఖని,
12-1-1972

అక్కా! అక్కా!

నీ జవాబు రాలేదు, అయినా ఆగలేక రాస్తున్నాను. కన్నులు తెరిచాయి! ప్రతి కణుపు దగ్గరా పచ్చగా, బియ్యపు గింజంత మొలక. ఒక కాడకు లెక్కపెట్టాను, తొమ్మిది. ఐదు మొక్కలకూ వచ్చాయి. ఒక్కోచోట రెండు మూడు పూలు పూస్తాయని దొరసాని చెప్పేది. అంటే ఎన్ని పూలో చూడు!

పొద్దున చూసి నేను కేక పెట్టాను. లింగమూర్తి పరుగెత్తుకొచ్చాడు. సాయంత్రం మొగిలి వచ్చి చూసి నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు, దమ్ము వచ్చి దగ్గుతూనే నవ్వాడు. ఆదివారం గుడిలో కృతజ్ఞత కానుక ఇచ్చాం. యేసమ్మ సాక్ష్యం చెప్పింది, "మా ఆడిబిడ్డ కొండల నుంచి చెప్పింది, ప్రభువు చేసిండు" అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దొరకు చెబితే దొరసానికి తంతి కొట్టించాడు.

అక్కా, నువ్వు నా ఇంటిని నిలబెట్టావు. ఆ ధన్‌బహదూర్ కాళ్ళకు నా వందనాలు చెప్పు.

మార్కు


కాలింపాంగ్,
15-1-1972

తమ్మీ,

నీ డిసెంబరు ఉత్తరం నిన్న చేరింది. నెల దాటింది. నేను క్షేమం. యుద్ధం ముగిసింది గానీ మా వార్డులు ఖాళీ కాలేదు.

మొక్క చావలేదు, భయపడకు. ఆకులు రాలడం మంచిదే. ఇప్పుడు నీళ్ళు తగ్గించే ఉంచు. ఈ నెలలో కణుపుల దగ్గర కన్నులు తెరుచుకుంటాయట. ధన్‌బహదూర్ ఒక గుర్తు చెప్పాడు. మొలక గుండ్రంగా, శనగ గింజలాగా ఉబ్బితే పువ్వు. సన్నగా మొన తేలి, కొసన ఆకులాగా విచ్చుకుంటే అది పువ్వు కాదు, పిల్లమొక్క. పస్తుంటేనే ఇది పూస్తుందట. తనకు రోజులు దగ్గర పడ్డాయనుకుని పూసుకుంటుందట. చలికాలంలో ఎరువు అందితే కడుపు నిండి, పూత మాట మరిచిపోయి పిల్లలు పెడుతుందట. అందుకే అంత గట్టిగా వద్దన్నాను. మొదట్లోనే రాయాల్సింది, తోచలేదు. నువ్వు ఏమీ పొయ్యలేదు కాబట్టి మనకు ఆ బెంగ లేదు.

గుండ్రంగా ఉన్నాయో, మొనదేలాయో చూసి రాయి.

సుగుణమణి


గోదావరిఖని,
27-1-1972

అక్కా,

మొనదేలాయి.

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఒక్కొక్క కాడే చూశాను. అన్నీ సన్నగానే ఉన్నాయి. కొన్నింటికి రెండు ఆకులు విచ్చుకున్నాయి. రెండింటికి కింద తెల్లగా దారం లాంటి వేర్లు వస్తున్నాయి. గుండ్రంగా ఉన్నది ఒక్కటి కూడా లేదు.

దీనికి ఏదైనా మందు ఉందా? గిల్లేస్తే మళ్ళీ పువ్వు వస్తుందా? దొరసాని పదో తారీఖు వస్తోంది. తంతి చూసుకుని పూలు చూడడానికి వస్తోంది. ధన్‌బహదూర్‌ను ఇవాళే అడిగి రేపే రాయి. నేను ఎవరికీ చెప్పలేదు. జనం వచ్చి చూసి, "మార్కన్నా, ఇంక ఎన్ని దినాలకు పూలు ఇచ్చుకుంటయి?" అని అడుగుతున్నారు. వారం రోజులు అంటున్నాను.

మార్కు


కాలింపాంగ్,
6-2-1972

మార్కు,

మందు లేదు. గిల్లినా లాభం లేదు. ఒకసారి పిల్లమొక్క అయిన కన్ను మళ్ళీ పువ్వు కాదు.

నేను కోపంగానే రాస్తున్నాను. నువ్వు పోశావు. ఎరువు అందకుండా ఐదు మొక్కలకు ఐదూ పిల్లలు పెట్టవని ధన్‌బహదూర్ బల్లగుద్ది చెబుతున్నాడు. వాడికి అబద్ధం చెప్పే అవసరం లేదు. పద్దెనిమిదేళ్ళుగా నర్సును, మంచం కింద పాలగ్లాసు దాచి "ఏమీ ఇవ్వలేదమ్మా, ఒట్టు" అనే మొహాలు ఎన్ని చూశానో. నీకు జాలి ఎక్కువ, అది తప్పు కాదు. కానీ నాకు ఒట్టు వేసి మరీ రాశావు చూడు, అది బాధగా ఉంది. నాతోనైనా నిజం చెప్పకపోతే ఎవరితో చెబుతావు?

సుగుణమణి


గోదావరిఖని,
20-2-1972

అక్కకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. చచ్చిపోయిన అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను, నేను పొయ్యలేదు. ఎవరు పోశారో నాకు ఇప్పుడు తెలిసింది.

దొరసాని వచ్చింది. కారు దిగి నేరుగా మొక్కల దగ్గరికే వచ్చింది. అప్పటికి పిల్లమొక్కలు వేలెడంత పొడవున్నాయి. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లలు చాలా బాగున్నాయి. పూలు ఏవి?" అంది. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొంగుతో చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మూడోరోజున లింగమూర్తి చెప్పాడు, ఆ జాగాలోకి దొరగారి ఊరి నుంచి ఒక మాలిని పిలిపిస్తున్నారని.

ఆ సాయంత్రం గేటు దగ్గర మొగిలి నన్ను పట్టుకుని ఏడ్చాడు. వాడి నోటి మాటలే రాస్తాను. "మార్కన్నా, మేం చెయ్యాల్సింది చేసినం. నీ కాలు నొస్తుందని మాకు ఎర్కే. బకీటు మొయ్యలేక పొయ్యొద్దన్నరని సాకు చెప్తున్నవని నేను, ఆగయ్య అనుకున్నం. నువ్వు చెప్పుకుంటే చిన్నతనం అయితదని నిన్ను అడగలే. లింగమూర్తి అర్రల యూరియా డబ్బ ఉండె. దినాం పొద్దుమీకి నేను పట్టుకొస్తే ఆగయ్య పోసిండు. నాలుగు మొక్కలకు నాలుగు పిడికిళ్ళు, ఐదోదానికి ఇంకింత. రెండు నెలలు ఒక్కపూట తప్పలే. అయినా పూయకపాయె."

అక్కా, నీకు ఇది అర్థం కావాలంటే గని సంగతి ఒకటి తెలియాలి. ముఠాలో ఒకడికి జ్వరం వచ్చినా, వేలు చితికినా, వాడు కూలబడితే మిగతావాళ్ళు వాడి టబ్బు నింపుతారు. ఎవరూ అడగరు, నింపినవాడు నింపానని చెప్పడు. వాడు లేచేసరికి వాడి పేరు మీద టబ్బు నిండి ఉంటుంది. కాలు విరగకముందు నేను ఆగయ్యకు అలా ఎన్ని నింపానో. నేను మొక్కకు పొయ్యకుండా నిలబడితే వాళ్ళకు నా టబ్బు ఖాళీగా కనబడింది. నింపారు.

పిడికెడు యూరియాకు మొక్కలు మాడిపోవాల్సింది. అదీ జరగలేదు. నీళ్ళు బాగా కలిపే పోశారట. అంత జాగ్రత్తగా పోశారు.

మెడికల్ అయ్యింది. డాక్టరు మంచివాడే. ఎముక అతికిందని రాశాడు, అది అబద్ధం కాదు. మార్చి ఆరు నుంచి ఫిల్లరు డ్యూటీ.

మార్కు


కాలింపాంగ్,
2-3-1972

నా తమ్ముడా,

నన్ను క్షమించు. నీ ఉత్తరం వార్డులో చదివి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. నిన్ను అబద్ధాలకోరు అన్నాను. నిజానికి తప్పు నాదే. ఎందుకు పస్తుంచాలో జూన్‌లోనే ఒక్క వాక్యం రాసి ఉంటే, మొగిలి "ఎందుకట?" అని అడిగిన రోజు నువ్వు చెప్పి ఉండేవాడివి. వాడు వినేవాడు. పేషెంట్లకు కారణం చెప్పే అలవాటు మాకు లేదు, మందు చెబుతాం అంతే. ఆ పాడు అలవాటు నీ మీద కూడా వాడాను.

ఇప్పుడు నా మాట విను. ఆలస్యం కాలేదు. దొరసాని దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పు. నువ్వు సరిగ్గానే చేశావని, వాచ్‌మన్ తెలియక పోశాడని చెప్పు. ఆమె మంచిదని నువ్వే రాశావు. వచ్చే చలికాలం దాకా ఆగమని, ఈసారి ఎవరినీ మొక్కల దగ్గరికి రానివ్వనని బతిమాలుకో. నీకు సిగ్గయితే నేను ఇంగ్లీషులో రాసి పంపుతాను. ధన్‌బహదూర్ వేలిముద్ర కూడా వేస్తానంటున్నాడు. ఆ కాలితో గనిలోకి దిగకు. నేను నర్సును, తెలిసే చెబుతున్నాను. ఒకసారి విరిగినచోట మళ్ళీ విరిగితే అతకదు.

దిగకు తమ్మీ. నా ఉత్తరం చేరేదాకా అయినా సెలవు పెట్టు.

అక్క


గోదావరిఖని,
14-3-1972

అక్కకు నీ తమ్ముడు మార్కు వందనాలు.

నీ ఉత్తరం నిన్న చేరింది. అప్పటికే నేను దిగి వారమైంది.

నువ్వు క్షమించమని అడగకూడదు. ఇంకెప్పుడూ అలా రాయకు, యేసమ్మ చదివి ఏడ్చింది. దొరసానికి నువ్వు రాయొద్దు. నేనూ చెప్పను. చెబితే ఏమవుతుందో రాత్రంతా ఆలోచించాను. మొగిలిది లైట్ డ్యూటీయే. బంగళా సామాను ముట్టుకున్నాడని తీసేస్తే వాడు పోవాల్సింది కూడా గనిలోకే. నాకు పాడైంది కాలు ఒక్కటే, వాడికి ఊపిరే లేదు. వాడి పెండ్లాం సమ్మవ్వ మొన్న మా ఇంటికి వచ్చి, మా పిల్లలకు గారెలు చేసి పెట్టి పోయింది. ఆ ఇంటి మీదికి నేను ఈ మాట తీసుకుపోలేను. యేసమ్మకు మొదట కోపం వచ్చింది, "నీకు పిల్లలు లేరా?" అంది. తర్వాత తనే వద్దంది.

కాలు ఎలా ఉందని అడుగుతావు. దిగేటప్పుడు పరవాలేదు. వంగేటప్పుడు ప్రాణం పోతోంది. నిన్న మూడు తట్టలు ఎత్తి కూర్చుండిపోయాను. కాపడం పెడుతున్నాను, వంచుతున్నాను, నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. బీడీ కూడా మానేశాను.

పూత పోయింది ఎరువు వల్లేనని మొగిలికి, ఆగయ్యకు చెప్పావా అని అడుగుతావేమో. చెప్పలేదు. నిన్న సాయంత్రం షిఫ్టు దిగి వస్తుంటే బంగళా గేటు దగ్గర మొగిలి ఆపాడు. కొత్త మాలి ఇంకా రాలేదు, మొక్కలు అక్కడే వేలాడుతున్నాయి. మొగిలి వాటి వంక చూసి, కళ్ళు తుడుచుకుని, "మనమే తక్వ జేసినం మార్కన్నా. దినానికి ఇంకో పిడికెడు ఏస్తే పూసేటియి" అన్నాడు.

వాడి భుజం మీద చెయ్యి వేసి, "అవును మొగిలీ, ఇంకో పిడికెడు ఏసేది ఉండె" అన్నాను.

నీ తమ్ముడు,
మార్కు